కర్రీ పాయింట్ పెంచే ముందు ప్యాకెట్ల లెక్క

కర్రీ పాయింట్ నాలుగు రోజులు బాగా నడిస్తే చాలు, రెండో షాపు మీదకి మనసు పోతుంది. అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక కాగితం మీద నెల ఖర్చులు రాయండి. అందులో మీ జీతం కూడా రాయండి. చాలామంది ఆ ఒక్కటే వదిలేసి, మిగిలిందే మన జీతం అనుకుంటారు. అందుకే ఒక్కరోజు షాపు మూయాలన్నా గుండె దడే.

ఉదాహరణకి, అద్దె 15,000, ఇద్దరు హెల్పర్లకి 24,000, గ్యాస్, కరెంటు 9,000, రిపేర్లకి తీసిపెట్టేది 5,000, మీ జీతం 25,000. మొత్తం 78,000. వారానికో సెలవు పోగా నెలకి 26 రోజులు, అంటే రోజుకి 3,000 రావాలి. కూర ప్యాకెట్ రూ.40కి అమ్మి, సరుకులకీ కవర్‌కీ 15 పోతే చేతిలో 25 మిగులుతుంది. రోజుకి 120 ప్యాకెట్లు అమ్మాలి. సెలవే లేకుండా 30 రోజులూ తెరిస్తే 104 సరిపోతాయి. వారం సెలవు ఖరీదు రోజుకి 16 ప్యాకెట్లన్నమాట. అంతకన్నా చవగ్గా ఒంటికి విశ్రాంతి దొరకదు.

డెలివరీ యాప్‌లో పెడుతుంటే ఇదే లెక్క మళ్ళీ వేయాలి. నూటికి 25 కమీషన్ అనుకుంటే ప్యాకెట్‌కి 10 పోయి 15 మిగులుతుంది. అమ్మేదంతా యాప్‌లోనే అయితే 120 కాస్తా 200 అవుతుంది. ధర పెంచకుండా యాప్ ఆర్డర్లు పెంచుకుంటే వంట పెరుగుతుంది, డబ్బు పెరగదు.

మొదటి హెల్పర్‌గా వంటమనిషిని పెట్టుకోకండి. కూరలు తరగడానికీ, గిన్నెలు తోమడానికీ మనిషిని పెట్టండి. గంటలు మింగేవి ఆ రెండు పనులే, నేర్పడం కూడా తేలిక. వంట అప్పగించేది ఆ తర్వాత. దానికి ముందు ప్రతి కూరా తూకంలో రాయాలి. "కారం సరిపడా" అని రాస్తే రేపు కొత్త మనిషి చేతిలో రుచి మారిపోతుంది. 5 కిలోల దొండకాయకి నూనె, ఉప్పు, కారం ఎన్ని గ్రాములో, వేగాక ఎంత తూగిందో కాటా మీద చూసి, కాగితం మీద రాసి గోడకి అంటించండి. వేగేటప్పుడు దొండకాయలో నీరు పోయి తూకం బాగా తగ్గుతుంది. పచ్చికూర తూకంతో ధర కట్టేవాళ్ళు నష్టపోయేది ఇక్కడే.

మధ్యాహ్నం మిగిలిన కూర రాత్రికి అమ్మొద్దు. విశాఖ ఉక్కపోతకి వండినది బయట రెండు గంటలు దాటితే నమ్మకం లేదు. వండితే రెండు విడతలుగా, ఉదయం 11కి ఒకసారి, సాయంత్రం 6కి ఒకసారి వండండి.

ఊరి క్యాలెండర్ కూడా చూసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, చేప ప్రియం. అందుకని చేపల పులుసుకి ఏడాదంతా ఒకే రేటు ఒప్పుకోకండి. కార్తీకంలో మాంసం కూరలు తగ్గుతాయి. షాపుకి రంగులు, గ్రైండర్ రిపేరు, మీ ఊరి ప్రయాణం ఆ నెలకి పెట్టుకోవచ్చు. అక్టోబరు, నవంబరు తుపానుల రోజులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ రెండు నెలలూ ఫ్రీజర్‌లో సరుకు తగ్గించి, ఒక నెల ఖర్చు, అంటే ఆ 78,000, బ్యాంకులో కదపకుండా ఉంచండి.

ఆఫీసులకి అరువు మీద భోజనాలు పంపేవాళ్ళు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వ నమోదు) చేయించుకోవాలి. ఆన్‌లైన్‌లో ఉచితం. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే 45 రోజులకి మించకుండా ఆ ఆఫీసు మీకు డబ్బు చెల్లించాలి. అయినా చట్టం చూపించి డబ్బు రాబట్టడం కన్నా, పాత బిల్లు తీరందే కొత్త వారం మొదలుపెట్టననడమే నయం.

సామాన్లకి ముద్రా శిశు (చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వ రుణ పథకం) కింద 50,000 వరకు అప్పు పుడుతుంది. నెలకి 3,000 ఈఎంఐ అంటే రోజుకి ఇంకో 5 ప్యాకెట్లు. ఆ ఐదూ ముందు అమ్ముడవుతున్నాయేమో చూసుకుని సంతకం పెట్టండి.

రెండో షాపు సంగతికొస్తే, వరసగా మూడు నెలలు రోజుకి 120 దాటాలి. తర్వాత మీరు వరసగా ఆరు రోజులు షాపు గుమ్మం తొక్కకండి, ఫోన్ కూడా చేయకండి. అమ్మకం పదో వంతుకి మించి పడిపోతే ఇంకా మీ చేతిలోనే ఇరుక్కున్న పని ఏదో ఉంది. డబ్బాలు చూసి ఏ కూర మిగిలిందో కనుక్కోండి, దాని తూకాల కాగితమే సరిగ్గా రాసి ఉండదు.