యూరప్‌లో రైలు ఏ టైముకి ఎక్కాలి? ఇబ్బందిని బట్టి మందు

నేను ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటాను. మా బంధువుల్లో ఎవరు యూరప్ ట్రిప్‌కి బయల్దేరినా ముందు నాకే వాట్సాప్ కాల్ వస్తుంది. "ఏ ట్రైన్ మంచిది రా?" అని అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ రోజు, ఏ టైముకి? ఇక్కడి రైళ్ళతో మనవాళ్ళు పడే తిప్పల్లో సగం టైము ఎంచుకోవడం దగ్గరే మొదలవుతాయి.

సమస్య: టికెట్ ఉంది, కూర్చోవడానికి చోటు లేదు

ఇక్కడ వారమంతా ఒక ఊళ్ళో ఉద్యోగం చేసి, వారాంతానికి ఇంకో ఊళ్ళో ఇంటికి పోయేవాళ్ళు చాలామంది. శుక్రవారం మధ్యాహ్నం 2 దాటితే అందరూ ఒక్కసారే స్టేషన్ మీద పడతారు. ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం. సంక్రాంతి ముందు సికింద్రాబాద్ స్టేషన్ గుర్తుందిగా, ఇక్కడ ప్రతి శుక్రవారమూ చిన్న సైజు సంక్రాంతే. ఓ శుక్రవారం మా అత్తమ్మ రెండు గంటలు టాయిలెట్ తలుపు పక్కన సూట్‌కేస్ మీద, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా డబ్బా మూత గట్టిగా నొక్కిపట్టుకోవడమే ఆవిడ పని.

రెండో కారణం మనవాళ్ళకి తట్టదు. జర్మనీలో మామూలు టికెట్ అంటే ప్రయాణానికే, సీటుకి కాదు. సీటు రిజర్వేషన్‌కి విడిగా కొంత కట్టాలి. ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు టీజీవీలో టికెట్‌తోనే సీటు వస్తుంది కాబట్టి నిలబడే బాధ లేదు, కానీ రద్దీ వేళ పెద్ద పెట్టెలకి ర్యాకులో చోటు దొరకదు.

మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం 9:30 నుంచి 11 మధ్య బయల్దేరే ట్రైన్ చూసుకోండి. ఆఫీసులకి పోయేవాళ్ళు అప్పటికి దిగిపోయి ఉంటారు. జర్మన్ రైల్వే యాప్‌లో ఒక్కో ట్రైన్ పక్కన చిన్న మనిషి బొమ్మలు ఉంటాయి, అవే రద్దీ అంచనా. బొమ్మలన్నీ నిండి ఉంటే ఆ ట్రైన్ వదిలేయండి. శుక్రవారం తప్పనిసరైతే మాత్రం సీటు డబ్బుల దగ్గర పిసినారితనం వద్దు.

సమస్య: కనెక్షన్ ట్రైన్ తప్పిపోయి రాత్రి మధ్యలో ఇరుక్కుపోయాం

జర్మన్ రైలు అంటే గడియారం అనుకుని వస్తారు. 2024లో అక్కడి దూరప్రయాణ రైళ్ళలో టైముకి చేరినవి 62.5 శాతమే. అదీ 6 నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టకుండా! పాత పట్టాలు, వాటి మీదే గూడ్సు బళ్ళు, లోకల్ ట్రైన్లు, దూరప్రయాణ రైళ్ళు. పొద్దున హాంబర్గ్ వైపు పది నిమిషాలు లేటైన బండి దిగువకి వచ్చేసరికి ఇంకో నాలుగు బళ్ళని ఆపుతుంది. అలా లేటు మీద లేటు పేరుకుని, సాయంత్రానికి మన 8 నిమిషాల కనెక్షన్ కాగితం మీదే మిగులుతుంది.

స్విట్జర్లాండ్ వైపు వెళ్ళేవాళ్ళకి ఇంకో మెలిక. అక్కడ 1982 నుంచి గంట గంటకీ ఒకే నిమిషానికి బండి కదిలే పద్ధతి ఉంది. ఒక్క బండి లేటు ఆ అల్లిక మొత్తాన్ని చెడగొడుతుంది కాబట్టి, బాగా ఆలస్యంగా వచ్చిన జర్మన్ రైలుని సరిహద్దు ఊరు బాసెల్‌లోనే ఆపేస్తారు. కంగారు పడకండి. అక్కడ్నుంచి జూరిక్‌కి స్విస్ ట్రైన్లు తరచుగా ఉంటాయి, గంటలో చేరతారు.

నా లెక్క సులువు. నేను ఎక్కే బండి తప్పినా, అదే రోజు గమ్యానికి ఇంకో రెండు బళ్ళు ఉండాలి. ఈ లెక్క నేర్చుకున్నది దెబ్బ తిన్నాకే. ఓ రాత్రి 9:40కి చివరి కనెక్షన్ నా కళ్ళ ముందే కదిలిపోయింది. చిన్న జంక్షన్, వెయిటింగ్ రూముకి తాళం, మెషీన్‌లో మిగిలినవి ఉప్పు బిస్కెట్లు. తెల్లారేదాకా అవే నా భోజనం.

బండి మారడానికి కనీసం 30 నిమిషాలు ఉంచండి. యాప్‌లో ఆ సెట్టింగ్ ఉంటుంది. ప్రయాణం మొత్తానికి ఒకటే టికెట్ కొనండి, ముక్కలుగా కొంటే కనెక్షన్ తప్పినప్పుడు రైల్వేల వాళ్ళు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం గమ్యానికి 60 నిమిషాలు లేటైతే టికెట్ ధరలో 25 శాతం, 120 దాటితే 50 శాతం అడగొచ్చు. జర్మనీలో చేరే టైము 20 నిమిషాలు లేటవుతుందని తెలిసినప్పుడు, ఒకే బండికి కట్టిపడేసే చవక టికెట్ మీద కూడా వేరే ట్రైన్ ఎక్కనిస్తారు.

సమస్య: ఆల్ప్స్ చూద్దామని ఎక్కితే కిటికీలో మన మొహమే కనిపించింది

డిసెంబరు చివర ఫ్రాంక్‌ఫర్ట్‌లో సూర్యుడు వచ్చేది 8:20 తర్వాత, పోయేది 4:30 లోపే. జూన్‌లో రాత్రి 9:30కి కూడా వెలుగే. చలికాలంలో చూడదగ్గ దారి ఉంటే ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 లోపల ఆ భాగం అయిపోయేలా చూసుకోండి. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్ నుంచి ఇటలీలోని తిరానోకి, 2,253 మీటర్ల ఎత్తు మీదుగా పోయే బెర్నినా దారిలో పేరున్న ఎక్స్‌ప్రెస్ టైము మీకు కుదరకపోతే, అవే పట్టాల మీద రిజర్వేషన్ అక్కర్లేని మామూలు లోకల్ బండి ఎక్కండి. నాకైతే అదే ఇష్టం, నచ్చిన చోట దిగొచ్చు.

కొన్నిసార్లు తప్పు టైముది కాదు, దారిది. కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి వేగంగా పోయే లైను నిండా సొరంగాలు, శబ్దం ఆపే గోడలు. రైన్ నది చూడాలంటే కోబ్లెంజ్ మీదుగా మైంజ్‌కి పోయే పాత లైను తీసుకుని, కొలోన్ నుంచి వస్తుంటే ఎడమ వైపు కూర్చోండి.

సమస్య: లండన్ ట్రైన్ ప్లాట్‌ఫాం మీదే ఉంది, మమ్మల్ని ఎక్కనివ్వలేదు

పారిస్, లండన్ మధ్య నడిచే యూరోస్టార్ రైలుకి గేట్లు అరగంట ముందే మూసేస్తారు. రెండు దేశాల పాస్‌పోర్ట్ చెకింగూ ఎక్కే ముందే అయిపోతుంది. గంటన్నర ముందు చేరండి. టికెట్ మీద టైము చూసి కూడా పొరబడతారు. పారిస్ లండన్ కంటే గంట ముందుంటుంది కాబట్టి, రెండుంపావు గంటల ప్రయాణం లండన్ నుంచి పారిస్‌కి మూడుంపావులా, పారిస్ నుంచి లండన్‌కి గంటంపావులా కనిపిస్తుంది. షెంగెన్ వీసాతో లండన్‌లో అడుగు పెట్టనివ్వరు, అది టైముతో తీరే సమస్య కాదు.

సమస్య: విమానం లేటు, ముందే కొన్న చవక ట్రైన్ టికెట్ బూడిదపాలు

ఆ రోజుకి మాత్రం ఏ బండైనా ఎక్కగలిగే టికెట్ కొనండి. అది ఖరీదు అనిపిస్తే, దిగాల్సిన టైముకి మూడు గంటల తర్వాతి ట్రైన్ తీసుకోండి. ఇమిగ్రేషన్ క్యూ ఎంతసేపు పడుతుందో చెప్పలేం.

సమస్య: నైట్ ట్రైన్ దిగేసరికి తెల్లవారుజాము, హోటల్ వాడు మధ్యాహ్నం రమ్మన్నాడు

ఆస్ట్రియా వాళ్ళ నైట్‌జెట్ లాంటి బళ్ళలో పడుకుని పోవడం హోటల్ ఖర్చు మిగిలిస్తుంది, నిజమే. గది మాత్రం చాలాచోట్ల మధ్యాహ్నం 3 దాటాకే ఇస్తారు. సామాను స్టేషన్ లాకర్‌లో పెట్టి ఊరు తిరగండి. జేబులో కొన్ని యూరో నాణేలు ఉంచుకోండి, కార్డు తీసుకోని లాకర్లు ఇంకా తగులుతూనే ఉంటాయి.