పెన్‌హోల్డ్ టీటీ బ్యాట్ ఎలా ఎంచుకోవాలి?

చెన్నై అంటే టేబుల్ టెన్నిస్ ఆటగాళ్లు శరత్ కమల్, సత్యన్‌ల ఊరు. ఇద్దరిదీ షేక్‌హ్యాండ్ పట్టే, అంటే కరచాలనం చేసినట్టు పిడి పట్టుకోవడం. ఇక్కడ ఏ షాపుకెళ్లినా ముందు చూపించేవీ పొడవు పిడి బ్యాట్లే. ఆ సంగతి తెలియక నేనూ ఒకటి కొని, పెన్‌హోల్డ్‌లో, అంటే పెన్ను పట్టినట్టు పట్టి ఆడాను. వారం తిరక్కుండానే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కందిపోయింది. అందుకే షాపులో నోరు తెరిచి ‘సీ-పెన్’ (చైనా రకం పెన్‌హోల్డ్ బ్యాట్) అనో ‘జే-పెన్’ అనో అడగాలి.

ముందు ఈ రెండింట్లో ఏదో తేల్చుకోండి. జే-పెన్ జపాన్ రకం. చూపుడువేలు కొక్కెంలా తగిలించడానికి పిడి మీద కార్క్ దిమ్మ ఉంటుంది. రబ్బరు సాధారణంగా ఒకవైపే. దక్షిణ కొరియా ఆటగాడు ర్యూ సుంగ్ మిన్ 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ స్వర్ణం గెలిచింది దీంతోనే. కానీ ఎడమవైపు వచ్చిన బంతికీ పరిగెత్తి ఫోర్‌హ్యాండే కొట్టాలంటే అతని కాళ్లు కావాలి! ఆఫీసు అయ్యాక ఆడే మనకు సీ-పెన్ నయం. గుండ్రటి బ్లేడు (రబ్బరు అతికించే చెక్క), సుమారు 8 సెంటీమీటర్ల పొట్టి పిడి. రెండువైపులా రబ్బరు వేసి, ఫ్రాన్స్ ఆటగాడు ఫెలిక్స్ లెబ్రన్‌లా వెనకవైపుతో బ్యాక్‌హ్యాండ్ కొట్టొచ్చు.

తర్వాత బరువు. ఇక్కడ మాత్రం తొందరపడకండి, భారమంతా మణికట్టు మీదే. బ్లేడు 80-85 గ్రాములు ఉంటే చాలు. ఒక్కో రబ్బరు 40 గ్రాములు దాటుతుంది, జిగురు అదనం. ముందువైపు రబ్బరు కింద 2.1 మిల్లీమీటర్ల మందం స్పాంజి తీసుకున్నా వెనక 1.8 చాలు. అతికించకముందే అన్నీ కాటా మీద పెట్టి చూడమనండి. మొహమాటపడొద్దు.

రబ్బర్లు ఒకటి నలుపు, ఇంకోటి ఎరుపులాంటి మెరుపు రంగు ఉండాలి. జే-పెన్‌లో రబ్బరు లేని వైపు బంతి కొడితే పాయింటు అవతలివాళ్లకే.

చివరగా, పిడి పక్కన వేళ్లు ఆనే అంచు ఒరుసుకుంటుంటే రుద్ది నున్నగా చేసుకోండి. హార్డ్‌వేర్ షాపులో ‘ఉప్పుత్తాళ్’ అంటే ఇస్తారు, మన ఉప్పు కాగితమే. ఒకేసారి అరగదీయకండి. నాలుగుసార్లు రుద్ది, పట్టుకుని చేయి ఊపి చూసి, మళ్లీ రుద్దండి. రబ్బరు అతికించకముందే ఈ పని చేస్తే చెక్కపొడి దానికి అంటుకోదు.