బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో స్క్రిప్ట్‌తో కనిపెట్టడం ఎలా?

మీ కోడ్ పోయిన నెల బాగానే నడిచింది, ఇప్పుడు నడవట్లేదు, మధ్యలో వెయ్యి కమిట్లున్నాయి (కమిట్ అంటే, కోడ్ చరిత్రను దాచే గిట్‌లో సేవ్ చేసిన ఒక్కో మార్పు). చాలామంది లాగ్ తెరిచి, అనుమానం వచ్చినవాటిని చెకౌట్ చేసి చూస్తూ సాయంత్రం దాకా కూర్చుంటారు. గిట్‌లోని బైసెక్ట్ కమాండ్ ప్రతిసారీ సగం కమిట్లను పక్కన పెట్టేస్తుంది, వెయ్యింటికి దాదాపు 10 పరీక్షలు చాలు, అవి కూడా మీరు చేయక్కర్లేదు.

గిట్ బైసెక్ట్ స్టార్ట్ కొట్టండి. ఇప్పటి కమిట్ బ్యాడ్, నడిచిన పాతది గుడ్ అని చెప్పండి. తర్వాత గిట్ బైసెక్ట్ రన్, పక్కన బగ్ ఉందో లేదో పరీక్షించే మీ స్క్రిప్ట్ పేరు. ఆ స్క్రిప్ట్‌ను రిపో (కోడ్ ఉన్న ఫోల్డర్) బయటే ఉంచాలి, లోపల కమిట్ చేసి ఉంటే పాత కమిట్‌కి వెళ్లగానే అది ఉండదు.

అందరూ బోల్తా పడేది ఎగ్జిట్ కోడ్ దగ్గర, అంటే స్క్రిప్ట్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె దగ్గర. స్క్రీన్ మీద ఎన్ని ఎర్ర అక్షరాలు వచ్చినా బైసెక్ట్‌కి అనవసరం, అది చూసేది ఆ ఒక్క అంకెనే. 0 వస్తే గుడ్. 1 నుంచి 127 దాకా ఏదొచ్చినా బ్యాడ్, 125 తప్ప. 125 అంటే 'ఈ కమిట్ సంగతి తేల్చలేను, వదిలెయ్'. 128, ఆపైన వస్తే మొత్తం ఆగిపోతుంది.

పాత కమిట్లలో కొన్ని అసలు బిల్డే కావు. బిల్డ్ ఫెయిలైతే 125 ఇవ్వమని రాయకపోతే బైసెక్ట్ దాన్ని బ్యాడ్ అనుకుని, ఏ పాపం తెలియని కమిట్‌ను పట్టుకొచ్చి మీ ముందు పెడుతుంది, మీరు వెళ్లి దాని ఓనర్‌తో గొడవ పెట్టుకుంటారు. ఇంకోటి, టెస్ట్ అవుట్‌పుట్‌ను పైప్‌లో టీ కమాండ్‌కి (వచ్చినదాన్ని స్క్రీన్ మీదా ఫైల్లోనూ పెట్టేది) పంపితే మిగిలేది టీ ఇచ్చిన 0. టెస్ట్ ఫెయిలైనా గుడ్డే! బ్యాష్‌లో పైప్‌ఫెయిల్ పెట్టండి, అప్పుడు టెస్ట్ ఫెయిలైన సంగతి టీ వెనక దాగిపోదు. గ్రెప్‌తో ఎర్రర్ మెసేజ్ వెతుకుతుంటే ఇంకా జాగ్రత్త, మెసేజ్ దొరికితే గ్రెప్ ఇచ్చేది 0, అంటే తీర్పు తలకిందులు. అందుకే రన్ కొట్టే ముందు ఒక గుడ్ కమిట్ మీదా ఒక బ్యాడ్ కమిట్ మీదా స్క్రిప్ట్‌ను చేత్తో నడిపి ఎగ్జిట్ కోడ్ చూడాల్సిందే.

యాభై కమిట్లను స్క్వాష్ చేసి ఒకే ముద్దగా మెర్జ్ చేసే టీములకు ఇదంతా సగమే ఉపయోగం. బైసెక్ట్ ఆ ముద్దనే చూపిస్తుంది, అందులో ఏ లైనో మీరే వెతుక్కోవాలి. చిన్న కమిట్లే పెట్టండి.

పని అయ్యాక గిట్ బైసెక్ట్ రీసెట్. పుష్ చేసే ముందు మీ బ్రాంచ్‌లో ప్రతి కమిట్‌నూ పరీక్షించాలంటే మాత్రం బైసెక్ట్ వద్దు, గిట్ రీబేస్‌కి ఎగ్జెక్ ఆప్షన్‌లో అదే స్క్రిప్ట్ ఇవ్వండి, ఫెయిలైన కమిట్ దగ్గర ఆగుతుంది. అక్కడ 125కి ప్రత్యేక అర్థం ఉండదు, 0 కాకపోతే ఫెయిలే.