తాడిపత్రి బండల పనిలో సిలికోసిస్: శాఖలను ఒక దారికి తేవడం ఎలా

అనంతపురం జిల్లా తాడిపత్రిలో గ్రానైటు కోసి పాలిష్ పట్టే కార్మికుడు ఆయాసం వస్తే వెళ్ళేది ఆసుపత్రికి. దుమ్మును అదుపు చేయించవలసినది ఫ్యాక్టరీల శాఖ. పరిహారం కార్మిక శాఖ, ఈఎస్ఐ (కార్మికుల బీమా సంస్థ)ల పని. వీరు ఒకరి కాగితం ఒకరు చూడనంత కాలం, సన్నని రాతిదుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ క్షయగా నమోదై, మందులు మింగినా తగ్గని దగ్గుగా మిగిలిపోతుంది.

కనుక మొదట కావలసినది పెద్ద సమావేశం కాదు. ఏం పని, ఎన్నేళ్ళుగా, ఎక్కడ అన్న మూడు సంగతులను ఓపీలోనూ టీబీ విభాగంలోనూ రోగి చీటీ మీద రాసేలా వైద్యాధికారిని ఒప్పించాలి. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ముప్పు ఎక్కువ కాబట్టి, ఒకటి తేలితే రెండోది లేదని వదిలేయరాదు.

తరువాత కార్మిక సంఘాన్ని, యజమానుల సంఘాన్ని పిలవాలి. నీళ్ళు పోస్తూ కోయడం, దుమ్మును పుట్టినచోటే లాగేసే యంత్రం బిగించడం యజమాని చేతిలోని పనులు. ముక్కుకు కట్టుకునే తువ్వాలు ఆ సన్నని దుమ్మును ఆపదు. అయితే వైద్య పరీక్షల ఫలితాలు మాత్రం యజమాని చేతికి పోకూడదు. ఎక్స్‌రే బాగాలేదని తెలిసి ఒక్కరిని పని మాన్పించినా, మరుసటి వైద్య పరీక్షల శిబిరానికి ఎవరూ రారు. ఫలితం ముందుగా కార్మికుడికి, అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. సిలికోసిస్ చట్టప్రకారం అధికారులకు తెలియజేయవలసిన వృత్తి వ్యాధి గనుక ఆ సంగతిని పరీక్షకు ముందే వివరించాలి. యజమానులకు పేర్లు లేకుండా, ఏ విభాగంలో దుమ్ము ఎక్కువో చెబితే చాలు. ఈ జాగ్రత్తలు తీసుకోవడం దయ కాదు. కార్మికుని ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులోనే చెప్పింది.

అన్నిటికన్నా చిక్కైనది, పరిహారం కోసం ఆ పని చేసినట్టు రుజువు చూపడం. 10 మందికి తక్కువున్న చిన్న యూనిట్లు చాలావరకు ఈఎస్ఐ పరిధిలోకి రావు. జీతం చీటీ కూడా ఉండకపోవచ్చు. అందుకే సంఘం సభ్యత్వ పుస్తకం, తోటి పనివారి వాంగ్మూలం, బ్యాంకు పాస్‌పుస్తకం వంటివి జబ్బు ముదరకముందే సేకరించి పెట్టాలి.

ఈ వ్యాధి తరచూ ఏళ్ళు గడిచాక బయటపడుతుంది. కాబట్టి పని మానేసి ఊళ్ళకు వెళ్ళినవారి జాబితాను ఆశా కార్యకర్తలతో రాయించి, వారిని కూడా పరీక్షకు పిలిపించాలి.