జంక్షన్ బాక్సుకు సరైన మూత ఎంచుకోవడం ఎలా?

జంక్షన్ బాక్సు (వైర్ల అతుకులుండే పెట్టె) మూత కోసం షాపుకెళ్తే అక్కడ అడిగేది ఒకటే: రౌండుదా, చదరమా? ఆ ఒక్క జవాబుతో తెచ్చుకున్న మూత ఇంటికొచ్చాక స్క్రూ రంధ్రాలకు కలవదు. కలిసినా లోపలి వైర్లు తన్ని ఒక పక్కకు లేస్తుంది. మిద్దె మీద బిగించిందైతే కొన్ని ఎండాకాలాలకే పెళుసెక్కి స్క్రూ దగ్గర చిట్లుతుంది. అందుకే ముందు బాక్సును, అది ఉన్న చోటును బాగా చూసుకుని, ఆ తర్వాతే షాపుకు బయల్దేరాలి.

మన దేశంలో ఇంటి వైరింగుకు ప్రామాణికం ఐఎస్ 732. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2019 నాటిది. దానితోపాటు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలు కూడా ఉన్నాయి. మూత వరకు చూస్తే ప్రామాణికం కోరేది పెద్ద చిక్కేమీ కాదు. కరెంటున్న భాగానికి వేలు తగలకూడదు, అంటే 12.5 మి.మీ. వస్తువు దూరేంత సందు కూడా ఉండకూడదు. దీన్నే ఐపీ2ఎక్స్ అంటారు (ఐపీ అంటే పెట్టె లోపలికి వస్తువులు, నీరు పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే గుర్తు). చేతికందే చోట మూత ఆకాశం వైపు తిరిగి ఉంటే ఇంకా గట్టి నియమం, 1 మి.మీ. తీగ కూడా దూరకూడదు. మూత చేత్తో లాగితే ఊడిరాకూడదు, స్క్రూడ్రైవరో తాళంచెవో ఉంటేనే తెరుచుకోవాలి. అతుకులున్న బాక్సు తనిఖీకి ఎప్పటికీ అందుబాటులో ఉండాలి. రెసిన్ పోసి మూసేసిన జాయింట్లకు, పూడ్చడానికే తయారైన కేబుల్ జాయింట్లకు, ఇలాంటి కొన్నింటికి ఈ చివరి నియమంలో మినహాయింపు ఉంది.

ఎక్కువగా తప్పేది ఆ చివరి నియమమే. తెల్లటి గోడ మీద మూత కనబడితే అందం చెడుతుందని లప్పం పెట్టి, రంగేసి దాచేస్తారు. ఫాల్స్ సీలింగ్ పైన వదిలేసిన బాక్సులదీ అదే కథ. అతుకు వదులై వేడెక్కినప్పుడు బాక్సు ఎక్కడుందో తెలియక గోడంతా పగలగొట్టాల్సి వస్తుంది. సీలింగ్ వేయిస్తుంటే ప్రతి బాక్సు కింద తెరిచి మూసే తలుపొకటి పెట్టమని పని మొదలవ్వకముందే చెప్పండి. మనిషి చెయ్యి, స్క్రూడ్రైవరు హాయిగా పట్టేంత ఉంటే చాలు.

1. కరెంటు తీసి, తీసినట్టు రుజువు చేసుకోండి

మెయిన్ దింపితే సరిపోదు. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో లైట్లు, ఫ్యాన్ల లైను ఆ మరుక్షణమే బ్యాటరీ మీదికి మారిపోతుంది. ఇన్వర్టరు అవుట్‌పుట్ కూడా ఆపాలి. టెస్టరు పనిచేస్తోందో లేదో కరెంటు ఆపకముందే ఒక సాకెట్లో పెట్టి చూసుకోండి. బాక్సు తెరిచాక టెస్ట్ ల్యాంపుతో ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య, ఫేజుకు ఎర్తుకు మధ్య కూడా చూడండి. నియాన్ టెస్టరు ఒక్కదాన్ని నమ్మి చెయ్యి పెట్టడం మంచిది కాదు.

మిద్దె మీద సోలార్ పలకలుంటే వాటి నుంచి ఇన్వర్టరుకు వచ్చే డీసీ వైర్లలో పగలంతా ఓల్టేజీ ఉంటుంది. మెయిన్‌తో దానికి సంబంధం లేదు. ఆ బాక్సు మూత జోలికి పోకండి, బిగించిన వాళ్లనే పిలవండి. మీటరు దగ్గర సీలు వేసిన పెట్టె కరెంటు సంస్థది. దాని మూత పగిలితే సెక్షన్ ఆఫీసుకు ఫిర్యాదు ఇవ్వాలి, సొంతంగా మార్చకూడదు.

2. బాక్సు ప్లాస్టిక్కా, లోహమా?

చూడటానికి చిన్న విషయమే, ప్రాణం మీదికి తెచ్చేదీ ఇదే. లోహపు మూతకు ఎర్తు తప్పనిసరి. జీఐ (జింకు పూత వేసిన ఇనుము) బాక్సుకు ఎర్తు వైరు లగ్గుతో (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) బిగించి ఉంటే, రంగు అడ్డంపడని లోహపు స్క్రూల ద్వారా మూతకూ ఎర్తు అందుతుంది. పీవీసీ బాక్సు మీద స్టీలు ప్లేటు బిగిస్తే ఆ స్క్రూలు ప్లాస్టిక్కులోకి దిగుతాయి, వాటికి ఎర్తు ఎక్కడిది? లోపల ఒక ఫేజు వైరు ఒలిచిన చోట ప్లేటును తాకితే ప్లేటంతా 230 ఓల్టుల మీద ఉంటుంది, ఎంసీబీ (కరెంటు మితిమీరితే లైను ఆపే స్విచ్) పడదు. ఎవరో ముట్టుకునేదాకా సంగతి బయటపడదు. కాబట్టి ప్లాస్టిక్ బాక్సుకు ప్లాస్టిక్ మూతే వేయండి. లోహపుదే కావాలంటే ప్లేటుకు విడిగా లగ్గు పెట్టి ఆకుపచ్చ ఎర్తు వైరు కలపాలి. కీలు మీద తెరుచుకునే లోహపు తలుపుకైతే కీలును నమ్ముకోకుండా, మెత్తటి మల్టీస్ట్రాండ్ ఎర్తు వైరు కొంచెం వదులుగా వేయాలి.

పాత ఇళ్లలో కొయ్య బోర్డులు, వాటి మీద సన్‌మైకా మూతలు ఇంకా ఉన్నాయి. అతుకు వేడెక్కితే కొయ్య అంటుకుంటుంది, లేకపోతే చెదలు తింటుంది. మూత ఒక్కటే మార్చడం దండగ, బాక్సుతో సహా తీసేయండి.

3. కొలతలు రాసుకోండి

రౌండ్ బాక్సుకు బయటి వ్యాసం కంటే ముఖ్యం రెండు స్క్రూ రంధ్రాల మధ్య దూరం. చాలా రౌండ్ బాక్సులకు అది సుమారు 50 మి.మీ. ఉంటుంది. అయినా కొలవకుండా కొనకండి, కంపెనీకో తేడా ఉంటుంది. చదరం బాక్సులు 4×4, 6×4, 6×6 అంగుళాల్లో దొరుకుతాయి. మాడ్యులర్ బాక్సు అయితే ఎన్ని మాడ్యూళ్లదో లెక్కపెట్టి, అదే సంఖ్య బ్లాంక్ ప్లేటును (స్విచ్ రంధ్రాలు లేని మూత), వీలైతే అదే కంపెనీది తీసుకోండి. పాత స్క్రూ ఒకటి జేబులో వేసుకెళ్తే మర సరిపోతుందో లేదో అక్కడే తేలుతుంది.

బాక్సు అంచు గోడ పూత కంటే ఎంత లోపలికి ఉందో కూడా కొలవండి. బాక్సు పెట్టాక ప్లాస్టరింగ్, లప్పం పడి 10, 15 మి.మీ. లోపలికి పోవడం మామూలే. అప్పుడు పొడుగు స్క్రూ కావాలి, కానీ మరీ పొడుగైనది లోపలి వైరు తొడుగును పొడుస్తుంది. స్క్రూ బాక్సు చెవిలోంచి (స్క్రూ దిగే మర ఉన్న భాగం) 5 మి.మీ. కంటే ఎక్కువ బయటికి రాకుండా చూసుకోవాలి. లోతు ఇంకా ఎక్కువైతే పొడుగు స్క్రూలతో సరిపెట్టకుండా ఎక్స్‌టెన్షన్ రింగు వేసి అంచును గోడ మట్టానికి తేవడమే సరైన దారి.

చెవి విరిగితే, మర అరిగితే అగ్గిపుల్ల ముక్క దూర్చి స్క్రూ తిప్పడం అందరికీ తెలిసిన చిట్కా. దాని మీద మూత కొన్నాళ్లే నిలుస్తుంది. రెండు చెవులూ విరిగిన బాక్సును చెక్కి మార్చడం తప్ప దారి లేదు.

4. మూత దానంతటది కూర్చుంటుందా?

వైర్లు సర్ది, స్క్రూలు లేకుండా మూతను వేలితో ఆనించి చూడండి. మెల్లగా నొక్కితే అంచు గోడకు ఆనాలి. స్క్రూ తిప్పితేగాని కిందికి దిగనంటే బాక్సు చిన్నదైపోయిందని అర్థం. బలవంతంగా బిగిస్తే తొడుగు నలుగుతుంది, మెలేసిన అతుకు వదులవుతుంది. ఫ్యాన్ పాయింటు కోసం పెట్టిన రౌండ్ బాక్సులోంచే ఏసీ లైను కూడా లాగిన ఇళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. అక్కడ ఉబ్బెత్తు మూతతో సర్దుకోవడం కంటే లోతైన బాక్సుకు మారడం మేలు.

మెలేసి టేపు చుట్టిన అతుకులను ఇదే అదనుగా కనెక్టర్లలోకి మార్చండి. కర్నూలు, అనంతపురం ఎండలకు టేపు జిగురు కరిగి, చివర విప్పుకుంటుంది. వాడకుండా వదిలేసిన పాయింట్లలోనూ ప్రతి వైరు కొసను విడివిడిగా కనెక్టరులో మూసి, ఆపైన బ్లాంక్ ప్లేటు వేయాలి.

5. చోటును బట్టి రకం

గదుల్లో, చేతికందని ఎత్తులో మామూలు పీవీసీ మూత చాలు. ఐఎస్ఐ గుర్తు, మందం చూసుకోండి. వేలితో వంచితే వంగిపోయే పల్చటి మూతలు వేసవిలో వంకర తిరుగుతాయి. అంచున సందొస్తే బల్లి పిల్లలు, చీమలు చేరతాయి. స్టవ్ పైన, గీజరు పక్కన ప్లాస్టిక్ రకం మరింత జాగ్రత్తగా ఎంచాలి. బాత్రూంలో షవరు, టబ్బు నుంచి 60 సెం.మీ. లోపు జంక్షన్ బాక్సు ఉండనే కూడదు, ఏ మూత వేసినా అది పరిష్కారం కాదు.

ఆరుబయట మూత మీద రెండంకెల ఐపీ సంఖ్య చూడాలి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 44 అంటే 1 మి.మీ. తీగ దూరదు, ఎటు నుంచి చిమ్మిన నీరైనా హాని చేయదు. ఎండ, వాన నేరుగా పడని వరండాకు అది చాలు. మిద్దె మీద, బోరు దగ్గర, ప్రహరీ గోడ మీద 55 గానీ 65 గానీ తీసుకోండి. మొదటి అంకె 5 దగ్గర దుమ్ము కొంచెం పోయినా పనికి అడ్డం రాదు, 6 దగ్గర అసలు పోదు.

రాయలసీమలో మొదటి అంకెను తేలిగ్గా తీసుకోకూడదు. అనంతపురం వైపు ఆషాఢ గాలికి సన్నటి దుమ్ము సందు సందులోకీ పోతుంది. పొడిగా ఉన్నంతసేపు దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు. తొలకరి తేమ తగిలాక ఆ పొర మీదుగానే కరెంటు మెల్లగా లీకవుతుంది. వాన పడిన రోజే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపే స్విచ్) పడిపోయి, ఎండ రాగానే నిలబడుతోందంటే ఆరుబయటి బాక్సుల మూతలు ముందు విప్పి చూడండి.

ఐపీ67ను చూసి మురిసిపోనక్కర్లేదు. ఆ 7 అంటే ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు నీళ్లు అరగంటలో పోలేదు. లోతట్టు వీధుల్లో మూత రకం కంటే బాక్సు ఎత్తు ముఖ్యం.

ఇక ఎండ. మామూలు తెల్ల పీవీసీ పసుపు తిరిగి పెళుసవుతుంది. మిద్దె మీదికి ఎండకు తట్టుకునే పాలీకార్బొనేట్ మూత అడగండి, దానికీ కొంచెం నీడ దొరికితే ఇంకా మంచిది.

6. ఆరుబయట బిగించే తీరు

మూత ఐపీ65 అయినా కేబుల్ కోసం మీరు వేసిన రంధ్రం ఆ అంకెను చెరిపేస్తుంది. కేబుళ్లు కింది వైపు నుంచే రావాలి, ప్రతిదానికీ దాని లావుకు తగిన గ్లాండు (కేబుల్‌ను రబ్బరుతో బిగించి పట్టే బిగింపు) ఉండాలి. ఒక గ్లాండులో రెండు కేబుళ్లు దూరిస్తే రబ్బరు పూర్తిగా పట్టుకోదు. బాక్సులోకి వెళ్లేముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పండి, దాని మీద జారే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. వాడని రంధ్రాలకు బిరడాలు వేయండి.

నాపబండల గోడల మీద ఇంకో చిక్కుంది. కడప, తాడిపత్రి వైపు ఇళ్లలో బండ ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది. నాలుగు మూలలూ గట్టిగా బిగిస్తే బాక్సే మెలి తిరుగుతుంది, మూత రబ్బరు ఒక పక్క ఆనదు. మట్టం చూసి, లోతున్న మూల వెనక వాషర్లు పెట్టి, బాక్సు మెలిపడకుండా బిగించండి. బండకు తాపీపని బిట్టుతో సుత్తిదెబ్బ లేకుండా మెల్లగా రంధ్రం వేయాలి, అంచుకు దగ్గరగా వేస్తే చీలుతుంది.

మూత స్క్రూలను ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా బిగించండి. రబ్బరు సమంగా నొక్కుకుంటే చాలు. అతిగా బిగిస్తే అది బయటికి ఉబ్బుతుంది. రబ్బరు లేదని సిలికాన్ పూయకండి. వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది, పైగా రేపు మూత తెరవాలంటే కత్తితో కోయాలి. పాలిథిన్ సంచి చుట్టి తాడు కట్టడం అంతకంటే నష్టం, రాత్రి చెమ్మంతా లోపలే ఆగిపోతుంది.

మోటారు పక్కన ఉన్న బాక్సుల స్క్రూలు అదురుకు వదులవుతాయి. అక్కడ స్ప్రింగ్ వాషర్లు వేసి, ఏటా తొలకరికి ముందు ఒకసారి బిగుతు చూసుకోవాలి.

మూత లోపలి వైపు మార్కరుతో ఆ బాక్సులో ఏ ఏ లైన్లున్నాయో, ఏ ఎంసీబీ దింపాలో, ఇన్వర్టరు లైను ఉందో లేదో రాసి బిగించండి. బయటివైపు రాస్తే తర్వాతి రంగుల కింద పోతుంది.