సీకో 6139 క్రోనోగ్రాఫ్: లక్షణాన్ని బట్టి లోపం, లోపాన్ని బట్టి మరమ్మతు

ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌ను, అంటే చేతి కదలికకే కీ ఎక్కుతూ స్టాప్‌వాచ్ కూడా ఉన్న చేతి వాచీని, ముందుగా తయారు చేయాలని 1969లో మూడు వర్గాలు పోటీపడ్డాయి. స్విట్జర్లాండ్‌లో జెనిత్ ఒక వైపు, హోయర్, బ్రైట్లింగ్ తదితర సంస్థలు కలిసి మరో వైపు పనిచేస్తుండగా, జపాన్‌లో సీకో సంస్థ 6139 యంత్రంతో కూడిన వాచీని ఆ ఏడాది మే నెలలోనే అమ్మకానికి పెట్టింది. 1973 నవంబరులో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌కు వెళ్లిన వ్యోమగామి విలియం పోగ్ తన సొంత 6139ను వెంట తీసుకువెళ్లినందున, పసుపు డయల్, నీలం ఎరుపు బెజెల్ (అద్దం చుట్టూ ఉండే వలయం) గల నమూనాకు ఇప్పటికీ పోగ్ అన్న పేరే వాడుకలో ఉంది.

ఈ యంత్రానికి సీకో ఇప్పుడు కొత్త విడిభాగాలు తయారు చేయదు. ఒక వాచీకి కావలసిన భాగాన్ని చాలావరకు మరొక పాత వాచీ నుంచే తీయవలసి ఉంటుంది. అందువల్ల లక్షణం కనబడగానే భాగం మార్చడం కాక, కారణం తేలిన తరువాతే స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఈ వాచీ విషయంలో తప్పనిసరి.

క్రౌన్ (వాచీ పక్కనుండే బుడిపె) తిప్పితే కీ ఎక్కడం లేదు

ఇది లోపం కాదు. 6139కి చేతితో కీ ఇచ్చే ఏర్పాటే లేదు. చేతి కదలికకు లోపలి రోటర్ అనే బరువు పలక తిరిగినప్పుడే స్ప్రింగ్ చుట్టుకుంటుంది. ఈ సంగతి తెలియక క్రౌన్‌ను బలంగా తిప్పి చెడగొట్టిన వాచీలు, “చెడిపోయింది” అన్న మాటతో తక్కువ ధరకు అమ్ముడయ్యే మంచి వాచీలు, రెండూ మార్కెట్లో కనబడుతుంటాయి. వాచీని అర నిమిషం పాటు మెల్లగా అటూ ఇటూ ఊపి, నడక మొదలవుతుందేమో ముందుగా చూడాలి.

క్రౌన్ తిప్పితే లోపలి వలయం కదలడం లేదు

పోగ్ రకం నమూనాల్లో క్రౌన్‌ను లాగకుండా తిప్పితే డయల్ చుట్టూ ఉన్న వలయం తిరగాలి. దానిని తిప్పే చిన్న ప్లాస్టిక్ పళ్ల చక్రం ఇన్నేళ్లకు పెళుసెక్కి విరిగిపోవడమే ఇక్కడ సాధారణ కారణం. యంత్రానికి దీనితో సంబంధం లేదు కాబట్టి ఈ ఒక్క లోపానికి వాచీని వదులుకోనక్కరలేదు. అయితే విరిగిన ముక్కలు కేసులోనే (వాచీ లోహపు గుల్లలోనే) ఉండిపోతాయి కనుక వాటిని పూర్తిగా ఏరివేసిన తరువాతే మరో చక్రం వేయించాలి.

తేదీ, వారం మారడం లేదు

క్రౌన్‌ను లోపలికి సగం నొక్కితే తేదీ, పూర్తిగా నొక్కితే వారం మారతాయి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు గంటల వరకు వాచీ తనంతట తానే వాటిని మార్చుకునే పనిలో ఉంటుంది. ఆ వేళ నొక్కితే పళ్లు విరిగే ప్రమాదం ఉంది. ముందు ముళ్లను మరో వేళకు తిప్పి, ఆపైనే నొక్కి చూడాలి.

క్రోనోగ్రాఫ్ ముల్లు సున్నాకు చేరడం లేదు

ఈ ఒక్క లక్షణానికి మూడు వేర్వేరు కారణాలు ఉండగలవు. వాటిని విడదీయడానికి వాచీని తెరవవలసిన అవసరం లేదు; ముల్లును నడిపి, ఆపి, కింది బటన్ నొక్కి అది ఎక్కడ నిలిచిందో రాసుకుంటూ ఇదే పనిని నాలుగైదు సార్లు చేస్తే చాలు. ప్రతిసారీ సున్నాకు ఒకే దూరంలో, ఉదాహరణకు రెండు సెకన్ల ముందు, నిలుస్తుంటే యంత్రం సరిగానే ఉన్నట్టు. గతంలో ఎవరో ముల్లును తప్పు చోట బిగించారు. దానిని తీసి సరైన చోట పెడితే సరిపోతుంది. నొక్కినప్పుడల్లా మరో చోట, నానాటికీ దూరంగా నిలుస్తుంటే ముల్లు గొట్టం ఇరుసుపై వదులైందని అర్థం. సున్నాకు ఒక్కసారిగా తిరిగే ఆ దెబ్బకు వదులైన ముల్లు జారుతుంది. గొట్టాన్ని తగు పనిముట్టుతో అతి స్వల్పంగా బిగించాలి తప్ప జిగురు ఎంతమాత్రం వాడకూడదు, ఎందుకంటే తరువాత సర్వీసింగ్‌కు ముల్లు తీసేటప్పుడు ఇరుసే విరిగిపోవచ్చు. మూడవ కారణం బటన్. దాని రబ్బరు గట్టిపడి, మురికి చేరితే నొక్కు పూర్తిగా లోపలికి అందదు. అందుకే గట్టిగా నొక్కినప్పుడు సున్నాకు వచ్చే ముల్లు మెల్లగా నొక్కితే రాదు. బటన్‌ను తీసి శుభ్రపరచి రబ్బరు మార్చాలి.

క్రోనోగ్రాఫ్ నడిపితే ముల్లు వెనకబడుతుంది, లేదా దానిని ఆపితే వాచీయే ఆగిపోతుంది

ఆనాటి చాలా స్విస్ క్రోనోగ్రాఫ్‌లలో ఒక చక్రం పక్కనుంచి వచ్చి మరో చక్రం పళ్లను పట్టుకుంటుంది. 6139లో నిలువు క్లచ్ ఉంటుంది: ఒకదానిపై ఒకటి ఉన్న రెండు బిళ్లలు స్ప్రింగ్ ఒత్తిడికి అతుక్కుని కలిసి తిరుగుతాయి, ఆపినప్పుడు రెండు చేతులు మూసుకుని పై బిళ్లను ఎత్తి విడదీస్తాయి. అందుకే ఈ వాచీలో ముల్లు బయలుదేరేటప్పుడు గెంతదు. ఆ సాఫీ కదలిక చూసినప్పుడల్లా దాని రూపకర్తలపై గౌరవం కలుగుతుంది.

ఎవరైనా మంచి ఉద్దేశంతోనే బిళ్లల మధ్య నూనె వేస్తే పట్టు తప్పి ముల్లు వెనకబడుతుంది. ఆ నూనె ఎండి జిగటగా మారితే బిళ్లలు విడిపోక, క్రోనోగ్రాఫ్‌ను ఆపగానే వాచీ నడక కూడా కుంటుపడుతుంది లేదా ఆగిపోతుంది. పది నిమిషాలు నడిపి ఫోన్ స్టాప్‌వాచ్‌తో పోల్చితే జారుడు బయటపడుతుంది. ఈ క్లచ్‌ను భాగాలుగా విప్పకూడదు. మొత్తంగా శుభ్రం చేసి చూసి, అప్పటికీ పట్టు రాకపోతే మరో యంత్రం నుంచి తెచ్చి మార్చడమే మార్గం. ఇలాంటి వాచీని కొనేటప్పుడు ఆ ఖర్చును ధరలోంచి ముందే తగ్గించి మాట్లాడుకోవాలి.

రాత్రి తీసి పెడితే ఉదయానికి ఆగిపోతుంది

రోటర్ తిరిగేటప్పుడు గరగర శబ్దం వస్తే, వెనుక మూత లోపల వంపు గీతలు కనబడితే, బేరింగ్ అరిగిందని తెలుసుకోవాలి. శబ్దం లేకపోతే ఎండిన నూనెనో, బలం తగ్గిన ప్రధాన స్ప్రింగ్‌నో అనుమానించి పూర్తి సర్వీసింగ్ చేయించాలి. నిలిచిపోవడం కాక, రోజుకు కొన్ని నిమిషాలు ముందుకు పోతుంటే ముందు అయస్కాంత ప్రభావాన్ని తీయించి చూడాలి.

డయల్ కొత్తదానిలా మెరుస్తోంది

పైవాటన్నిటికీ మరమ్మతు ఉంది, దీనికి లేదు. మన దేశంలో తిరిగి రంగు వేసిన డయల్‌తో అమ్మే వాచీలను సేకర్తలు ముంబై స్పెషల్ అంటారు. భూతద్దంలో అక్షరాల అంచులు చెదిరి ఉన్నాయా, ఆరు గంటల దగ్గరి చిన్న డయల్‌లోని సన్నని వలయాలు రంగు కింద పూడిపోయాయా, డయల్ అడుగు అంచున 6139తో మొదలయ్యే చిన్న సంకేతం ఉందా అన్నవి చూడాలి. వెనుక మూతపై సీరియల్ సంఖ్యలో మొదటి అంకె సంవత్సరపు చివరి అంకెను, రెండవది నెలను తెలుపుతాయి. 1970ల వాచీలో ఆ సంఖ్య 3, 4తో మొదలైతే 1973 ఏప్రిల్ అన్నమాట. అమ్మేవారు చెప్పే సంవత్సరం దీనితో కలవకపోతే మూత మరో వాచీది కావచ్చు.

కేసుకు పాలిష్ చేయిస్తామంటే వద్దనాలి. తయారీలోనే పైభాగానికి ఇచ్చిన సన్నని గీతలు, అంచుల పదును ఒకసారి పాలిష్ యంత్రంపై అరిగిపోతే తిరిగి రావు. గీతలు పడినా అసలు డయల్ ఉన్న వాచీకే ఎక్కువ ధర పెట్టడం సమంజసం.