పాత హార్డ్ డిస్క్ నుంచి కొత్తదాంట్లోకి ఫైళ్లు: ఏదీ పోకుండా మార్చుకునే పద్ధతి

మా బాబాయి డీటీపీ షాపులో పాత కంప్యూటర్ మార్చినప్పుడు పన్నెండేళ్ల పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, వాటి మధ్యలోనే మా ఇంటి ఫోటోలు, అన్నీ ఒకే ఒక్క 500 జీబీ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. కొత్త 1 టీబీ డ్రైవ్ తెచ్చాం, కాపీ చేసి పేస్ట్ చేస్తే సరిపోతుంది కదా అని రాత్రి పెట్టేసి ఇంటికెళ్లిపోయాం. పొద్దున్నే వచ్చి చూస్తే ఏదో ఒక ఫైల్ దగ్గర ఆగిపోయి, మళ్లీ ప్రయత్నించాలా వదిలేయాలా అని అడుగుతూ కూర్చుంది. అప్పటికి ఏవి వచ్చాయో ఏవి రాలేదో ఎలా తెలుస్తుంది? ఆ రెండు రోజుల టెన్షన్ ఇంకొకరికి వద్దనే ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా విండోస్ గురించి.

అన్నిటికంటే ముందు పాత డిస్క్ ఏ పరిస్థితిలో ఉందో చూడండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం ఉంది, తెరవగానే డ్రైవ్ బాగుంటే నీలం రంగులో గుడ్ అని, అనుమానం ఉంటే పసుపులో కాషన్ అని చూపిస్తుంది. పసుపు వస్తే రీఎలకేటెడ్ సెక్టార్స్ (పాడైపోయి డిస్క్ పక్కన పెట్టేసిన చోట్లు), కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అనే వరుసలు చూడండి. రెండోదాంట్లో సున్నా కాకుండా ఏదైనా అంకె ఉందంటే చదవలేకపోతున్న చోట్లు ఆ డిస్క్‌లో ఉన్నాయన్నమాట, ఇక ఆలస్యం చేయకూడదు. అలాంటి డిస్క్ మీద చెక్ డిస్క్ నడపవద్దు, బాగుచేస్తుందనుకుంటాం గానీ అసలే నీరసంగా ఉన్నదాన్ని గంటల తరబడి తిప్పి ఉన్నది కూడా పోగొట్టే ప్రమాదం ఉంది. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే వెంటనే కరెంటు తీసేయండి. అది ఇంట్లో చేసే పని కాదు, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి.

డిస్క్ బాగానే ఉందనుకుందాం. ల్యాప్‌టాప్‌లో వాడే 2.5 అంగుళాల డ్రైవ్ అయితే సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ ఒక్కటి చాలు. డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల డ్రైవ్‌కి 12 వోల్టుల కరెంటు కూడా కావాలి, అది యూఎస్‌బీ నుంచి రాదు, కాబట్టి విడిగా అడాప్టర్ ఉన్న కేబుల్ అడిగి కొనండి. రెండు డ్రైవ్‌లనూ యూఎస్‌బీ 3 పోర్టులకే పెట్టండి, చాలా కంప్యూటర్లలో అది లోపల నీలం రంగులో ఉంటుంది. తేడా చిన్నది కాదు: పాత యూఎస్‌బీ 2లో సెకనుకి 35 ఎంబీ వస్తే గొప్ప, ఆ లెక్కన 500 జీబీకి నాలుగు గంటలు పడుతుంది. యూఎస్‌బీ 3లో డిస్క్ సెకనుకి 100 ఎంబీ ఇచ్చిందంటే గంటన్నర లోపే అయిపోతుంది. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే మాత్రం ఎక్కడైనా దీనికంటే నెమ్మదిగానే సాగుతుంది. కంప్యూటర్ మధ్యలో నిద్రపోకుండా పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ని నెవర్ అని పెట్టండి.

కొత్త 1 టీబీ డ్రైవ్ పెట్టగానే 931 జీబీ అని చూపిస్తే షాపువాళ్లు మోసం చేశారనుకోవద్దు. కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1024తో లెక్కపెడుతుంది, అంతే. ఫార్మాట్, అంటే డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి, ఎన్‌టీఎఫ్ఎస్ అయి ఉండాలి. ఫ్యాట్ 32 అయితే 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా ఎక్కదు, పెళ్లి వీడియోలన్నీ అక్కడే ఆగిపోతాయి.

ఇక కాపీ. కట్ మాత్రం చేయకండి, దయచేసి. మధ్యలో కరెంటు పోతే సగం ఇక్కడా సగం అక్కడా అయిపోతుంది, వెనక్కి చూసుకోవడానికి అసలు కాపీ అంటూ మిగలదు. ఇంకో మాట, ఫోల్డర్లు వరుసగా ఉన్నాయి కదా అని ఆ వరుసలోనే మొదలుపెట్టకండి. మళ్లీ ఎక్కడా దొరకనివి ముందు: ఫోటోలు, ఇంటి కాగితాల స్కాన్‌లు, సొంతంగా తయారుచేసిన ఫైళ్లు. సినిమాలు, డౌన్‌లోడ్స్ చివరికి. పాత డిస్క్ మధ్యలో మొరాయించినా ముఖ్యమైనవి అప్పటికే ఇవతలికి వచ్చేసి ఉంటాయి.

ఫైళ్లు వేలల్లో ఉంటే మౌస్‌తో లాగడం కంటే రోబోకాపీ ఎంతో నయం. ఇది ఫైళ్లు కాపీ చేసే కమాండ్, విండోస్‌లోనే ఉంటుంది, కొత్తగా ఏమీ దించుకోనక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి రోబోకాపీ (robocopy) అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఒక స్పేస్, పాత ఫోల్డర్ అడ్రస్, ఇంకో స్పేస్, కొత్త ఫోల్డర్ అడ్రస్ ఇవ్వండి. అడ్రస్‌లో ఖాళీలుంటే కోట్స్‌లో పెట్టాలి. తర్వాత ఒక్కోదాని ముందు స్పేస్ ఇస్తూ స్లాష్ ఇ, స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 (/E /R:1 /W:1). స్లాష్ ఇ అంటే లోపలి ఫోల్డర్లన్నీ, ఖాళీవి కూడా. మిగతా రెండూ అస్సలు మర్చిపోకండి, ఎందుకంటే ఏమీ చెప్పకపోతే రోబోకాపీ చదవలేని ఫైల్‌ని పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రతిసారీ 30 సెకన్లు ఆగుతూ, అంటే ఒక్క ఫైల్ దగ్గరే దాదాపు ఏడాది. ఇలా పెడితే ఒక్కసారి మళ్లీ ప్రయత్నించి, రాకపోతే ముందుకెళ్లిపోతుంది. పాత విండోస్ యూజర్ ఫోల్డర్లు యాక్సెస్ డినైడ్ అంటుంటే స్లాష్ బీ కూడా చేర్చండి. ఎక్కడైనా స్లాష్ ఎంఐఆర్ అని చూసి వాడేరు జాగ్రత్త, అది పాతదాంట్లో లేని ఫైళ్లను కొత్తదాంట్లోంచి తుడిచేస్తుంది.

మనవాళ్ల ఫైళ్లకు తెలుగు పేర్లుంటాయి కదా, లాగ్ (ఏ ఫైల్ వచ్చింది, ఏది రాలేదు అనే జాబితా) రాయించుకునేటప్పుడు మామూలు లాగ్ కాకుండా స్లాష్ యూనిలాగ్ కోలన్ (/UNILOG:) అని పెట్టి ఫైల్ పేరు ఇవ్వండి, లేకపోతే లాగ్‌లో ఆ పేర్లు చదవడానికి వీలు లేకుండా పోవచ్చు.

బాబాయి షాపులో మేం ఎక్కువ ఇబ్బంది పడింది ఫాంట్ల దగ్గర. కార్డులు తయారుచేసే పేజ్‌మేకర్ ఫైళ్లు దాదాపు అన్నీ క్షేమంగా వచ్చాయి, తెరిస్తే కార్డు నిండా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు. డీటీపీలో వాడే అను తెలుగు ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి) కావు, ఆ ఫాంట్ కంప్యూటర్‌లో లేకపోతే తెలుగు కనిపించే దారే లేదు. అందుకని పాత డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌ని కూడా విడిగా కాపీ చేసుకోండి. ప్రోగ్రాంలు మాత్రం ఇలా రావు, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ మొత్తం మోసుకొచ్చినా చాలావరకు తెరుచుకోవు, వాటిని కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. అవుట్‌లుక్ వాడినవాళ్లు మెయిల్స్ దాచే పీఎస్‌టీ ఫైల్ ఎక్కడుందో వెతకండి, టాలీ వాడినవాళ్లు డేటా ఫోల్డర్ తెచ్చుకోండి. డెస్క్‌టాప్ మీద ఉన్నవీ మర్చిపోవద్దు, చాలామంది ముఖ్యమైనవి అక్కడే పడేస్తారు.

అయ్యాక రోబోకాపీ చివర్లో ఒక చిన్న పట్టిక ఇస్తుంది, అందులో ఫెయిల్డ్ అనే చోట సున్నా ఉండాలి. లేకపోతే అదే కమాండ్ మళ్లీ నడపండి, వచ్చేసిన వాటిని వదిలేసి రానివాటినే తెస్తుంది. మేం రెండోసారి నడిపితే పదకొండు ఫైళ్లలో తొమ్మిది వచ్చేశాయి. రెండువైపులా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, సైజ్ సరిచూడండి. సైజ్ ఆన్ డిస్క్ అనే అంకె రెండు డ్రైవ్‌లలో వేరుగా ఉండొచ్చు, దానికి కంగారు పడక్కర్లేదు. లెక్క సరిపోయింది కదా అని అక్కడితో ఆపకండి, ప్రతి సంవత్సరం ఫోల్డర్‌లోంచి నాలుగైదు ఫోటోలు, ఒక వీడియో తెరిచి చూడండి, వీడియోని చివరి దాకా జరిపి మరీ.

ఇదంతా అయినా పాత డిస్క్‌ని ఫార్మాట్ చేయకండి, కనీసం కొన్ని నెలలు. మేం దాని మీద తేదీ, లోపలేముందో రాసి కాగితం అంటించి బీరువాలో పెట్టాం. నెల తర్వాత ఒకాయన పాత శుభలేఖ డిజైన్ అడిగాడు, అది ఆ రాని రెండు ఫైళ్లలో ఒకటి. మళ్లీ పాత డిస్క్ తగిలించాం, మూడోసారికి వచ్చింది.